లియరీ కాన్‌స్టాంటైన్

లియరీ నికొలస్ కాన్‌స్టాంటైన్ (సెప్టెంబరు 21, 1901 - జూలై 1, 1971) వెస్ట్‌ఇండీస్‌కు చెందిన సుప్రసిద్ధ క్రికెట్ క్రీడాకారుడు, న్యాయవాది, రచయిత మరియు రాజకీయవేత్త. ట్రినిడాడ్ దీవిలో జన్మించిన ఈయన 1929లో ఇంగ్లాండుకు వలస వెళ్ళి, లాంకషైర్ ప్రాంతంలోని నెల్సన్ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డాడు. 1928 నుంచి 1939 వరకు వెస్ట్‌ఇండీస్ తరఫున 18 టెస్ట్ మ్యాచ్‌లు ఆడాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌గా, ఫాస్ట్ బౌలర్‌గా, అన్నిటికీ మించి ఫీల్డర్‌గా పేరు పొందాడు. 1962లో సర్ బిరుదును, 1969లో బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభలో జీవితకాల సభ్యత్వాన్ని పొందాడు. ఆ సభ్యత్వం లభించిన మొదటి నల్లజాతీయుడు ఈయనే.

టెస్ట్ క్రికెట్ గణాంకాలను మాత్రమే పరిశీలించేవారికి కాన్‌స్టాంటైన్ ఒక సాధారణ ఆల్‌రౌండర్‌గానే కనిపిస్తాడు. ఆయన ప్రాముఖ్యం ఆ అంకెలలో లేదు. పరాయి దేశంలో ఆటద్వారా సంపాదించుకున్న గౌరవాన్ని తనవారి హక్కుల సాధనకు వినియోగించడంలోనే ఆయన జీవిత విశేషమంతా ఉంది.

బాల్యం, కుటుంబ నేపథ్యం

కాన్‌స్టాంటైన్ ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు సమీపాన డియెగో మార్టిన్ ప్రాంతంలోని పెటిట్ వ్యాలీ గ్రామంలో జన్మించాడు. అప్పట్లో ట్రినిడాడ్ బ్రిటిష్ వలస రాజ్యం. ఈయన పూర్వీకులు ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకురాబడినవారు. తండ్రి లెబ్రన్ కాన్‌స్టాంటైన్ ఒక తోటలో పర్యవేక్షకుడిగా పనిచేసేవాడు. తల్లి అనైస్.

ఈ కుటుంబానికి క్రికెట్ కొత్త కాదు. తండ్రి లెబ్రన్ 1900లోను, 1906లోను వెస్ట్‌ఇండీస్ జట్టుతో ఇంగ్లాండులో పర్యటించాడు. 1900 పర్యటనలో లార్డ్స్ మైదానంలో ఎం.సి.సి. జట్టుపై 113 పరుగులు చేసి, ఇంగ్లాండు గడ్డపై వెస్ట్‌ఇండీస్ జట్టు తరఫున తొలి శతకం సాధించినవాడిగా పేరు పొందాడు. ఆ పర్యటనకు బయలుదేరవలసిన రోజున ప్రయాణపు ఖర్చులకు డబ్బులేక ఒడ్డుననే నిలిచిపోయిన లెబ్రన్‌ను, స్థానికులు సొమ్ము సమకూర్చి, వేగంగా పోయే పడవలో పంపి ఓడను అందుకునేటట్లు చేశారని చెబుతారు. తల్లి సోదరుడు విక్టర్ పాస్కల్ కూడా వెస్ట్‌ఇండీస్ జట్టుకు ఆడిన బౌలరే. ఇంటి ఆవరణలో కుటుంబ సభ్యులందరూ కలిసి ఆడే ఆటలో తల్లి వికెట్ కీపరుగా నిలబడేది. క్యాచ్‌లు పట్టడంలో తండ్రి ఇచ్చిన కఠినమైన అభ్యాసమే తరువాతి కాలంలో కాన్‌స్టాంటైన్ ఫీల్డింగ్‌కు పునాది అయినది.

ఉద్యోగం, వర్ణభేదం

1917లో పాఠశాల చదువు ముగించిన కాన్‌స్టాంటైన్ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒక న్యాయవాద సంస్థలో గుమాస్తాగా చేరాడు. న్యాయశాస్త్రంపై ఆసక్తి అప్పుడే కలిగింది. అయితే ఆ కాలపు ట్రినిడాడ్‌లో న్యాయవాది కావడానికి అవసరమైన డబ్బు, పలుకుబడి ఒక సామాన్య నల్లజాతి కుటుంబానికి అందుబాటులో ఉండేవి కావు. ఎంత శ్రద్ధగా పనిచేసినా గుమాస్తాగిరీని దాటి పైకి పోవడం దుర్లభమని ఆయనకు త్వరలోనే అర్థమైనది. తరువాత కొంతకాలం ఒక చమురు సంస్థలో కూడా పనిచేశాడు.

క్రికెట్ మైదానంలోనూ ఇదే వ్యవస్థ ఉండేది. ట్రినిడాడ్‌లోని క్లబ్బులు చర్మపు రంగును, సామాజిక హోదాను బట్టి విభజింపబడి ఉండేవి. క్వీన్స్ పార్క్ క్లబ్బు ప్రధానంగా తెల్లవారిది. మేపుల్ క్లబ్బు లేత రంగు గల మధ్యతరగతివారిది. షానన్ క్లబ్బు నల్లజాతి దిగువ మధ్యతరగతివారిది, అనగా ఉపాధ్యాయులు, గుమాస్తాలు మొదలైనవారిది. స్టింగో క్లబ్బు శ్రామికులది. కాన్‌స్టాంటైన్ షానన్ క్లబ్బుకు ఆడాడు. తమను చిన్నచూపు చూసేవారికి ఆటతోనే సమాధానం చెప్పాలన్న పట్టుదల ఆ క్లబ్బు ఆటగాళ్ళలో ఉండేది. పూర్తిగా సిద్ధం కాకముందే పెద్ద ఆటగాళ్ళను ఎదుర్కొనరాదని తండ్రి భావించడంవల్ల 1920 వరకు ఈయన క్లబ్బు క్రికెట్ పెద్దగా ఆడలేదు. 1921లో ట్రినిడాడ్ తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించాడు. 1922లో తండ్రీకొడుకులిద్దరూ ట్రినిడాడ్ జట్టులో కలిసి ఆడటం అరుదైన విశేషం.

ఇంగ్లాండు పర్యటనలు

1923లో హెచ్.బి.జి. ఆస్టిన్ నాయకత్వంలో ఇంగ్లాండు వెళ్ళిన వెస్ట్‌ఇండీస్ జట్టులో కాన్‌స్టాంటైన్‌కు స్థానం లభించింది. ఆ పర్యటనలో బ్యాటింగ్, బౌలింగ్‌ల కంటే కవర్ స్థానంలో ఆయన ఫీల్డింగ్ విమర్శకులను ఆకర్షించింది. ఆటను వృత్తిగా స్వీకరించి, దానిపై గౌరవంగా జీవించే ఆటగాళ్ళను ఆయన ఇంగ్లాండులో ప్రత్యక్షంగా చూశాడు. స్వదేశంలో తనకు మూసి ఉన్న మార్గం క్రికెట్ ద్వారా తెరుచుకోవచ్చునని అప్పుడే గ్రహించాడు. ఆ తరువాత తన బౌలింగ్ వేగాన్ని పెంచుకొని, స్లిప్స్‌లో క్యాచ్‌లు పట్టడం ప్రత్యేకంగా సాధన చేశాడు.

1928 పర్యటన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. వెస్ట్‌ఇండీస్‌కు టెస్ట్ హోదా లభించిన మొదటి పర్యటన ఇదే. 1928 జూన్ 23న లార్డ్స్‌లో ప్రారంభమైన తొలి టెస్టులో వెస్ట్‌ఇండీస్ తరఫున మొట్టమొదటి టెస్ట్ వికెట్‌ను కాన్‌స్టాంటైనే పడగొట్టాడు. జట్టు మాత్రం మూడు టెస్టులలోనూ ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. టెస్టులలో ఆయన కూడా రాణించలేదు. కాని పర్యటన మొత్తం మీద ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,381 పరుగులు, 107 వికెట్లు సాధించాడు.

ఆ పర్యటనలో లార్డ్స్‌లోనే మిడిల్‌సెక్స్ కౌంటీపై ఆడిన మ్యాచ్ ఆయనకు దేశవ్యాప్త ఖ్యాతి తెచ్చింది. మిడిల్‌సెక్స్ 6 వికెట్లకు 352 పరుగులు చేసి డిక్లేర్ చేయగా, వెస్ట్‌ఇండీస్ 79 పరుగులకే 5 వికెట్లు కోల్పోయింది. ఆ దశలో వచ్చిన కాన్‌స్టాంటైన్ గంటలోపే 86 పరుగులు చేశాడు. తరువాత బౌలింగ్‌లో 57 పరుగులకు 7 వికెట్లు తీసి మిడిల్‌సెక్స్ రెండవ ఇన్నింగ్స్‌ను 136 పరుగులకే ముగించాడు. 259 పరుగుల లక్ష్యంతో బరిలోకి దిగిన జట్టు 121 పరుగులకు 5 వికెట్లు కోల్పోయిన స్థితిలో మళ్ళీ తానే ఒక గంటలో 103 పరుగులు చేసి, 3 వికెట్ల తేడాతో విజయం సాధించిపెట్టాడు. ఒకే మ్యాచ్‌లో ఒక ఆటగాడు ఇంతగా ఆధిపత్యం చూపిన సందర్భాలు క్రికెట్ చరిత్రలో చాలా తక్కువ.

నెల్సన్‌కు వలస

లాంకషైర్ లీగ్ అనేది నూలు మిల్లులకు ప్రసిద్ధి చెందిన చిన్న పట్టణాల మధ్య జరిగే క్రికెట్ పోటీ. స్థానిక ఔత్సాహిక ఆటగాళ్ళతో పాటు ఒక్కో క్లబ్బు ఒక్కో వృత్తి ఆటగాడిని జీతమిచ్చి నియమించుకునేది. 1928 ప్రదర్శనను చూసిన నెల్సన్ క్లబ్బు కాన్‌స్టాంటైన్‌తో సీజనుకు 500 పౌన్ల జీతంపై మూడేళ్ళ ఒప్పందం కుదుర్చుకుంది. దీనికి తోడు మంచి ప్రదర్శనకు అదనపు పారితోషికం ఉండేది.

1929లో కాన్‌స్టాంటైన్ నెల్సన్ చేరుకున్నాడు. 1927లో ఆయన నార్మాను వివాహమాడాడు. 1928లో కుమార్తె గ్లోరియా జన్మించింది. కుటుంబానికి నెల్సన్‌లో తొలి రోజులు కష్టంగానే గడిచాయి. ఆ పట్టణంలో చాలామంది అప్పటివరకు నల్లజాతీయులను చూసి ఉండలేదు. పిల్లలు కిటికీల గుండా తొంగిచూసేవారు. కొందరు అవమానకరమైన ఉత్తరాలు వ్రాసేవారు. తిరిగి వెళ్ళిపోదామన్న ఆలోచన కలిగినప్పుడు ఒప్పందకాలం పూర్తిచేయవలసిందేనని భర్తను ఒప్పించినది నార్మాయే. కాలక్రమేణా ఇరుగుపొరుగువారు స్నేహితులైనారు. ఆ కుటుంబం 1949 వరకు నెల్సన్‌లోనే నివసించింది.

1929 నుంచి 1937 వరకు తొమ్మిది సీజన్‌లు కాన్‌స్టాంటైన్ నెల్సన్ తరఫున ఆడాడు. ఈ కాలంలో నెల్సన్ ఏడు పర్యాయములు లీగ్ విజేతగా నిలిచింది. ఏ సంవత్సరంలోనూ రెండవ స్థానం కంటే దిగజారలేదు. 1934లో యాక్రింగ్టన్ జట్టుపై 10 పరుగులిచ్చి మొత్తం పది వికెట్లూ తీయడం ఆయన అత్యుత్తమ లీగ్ ప్రదర్శన. ఆయన ఆట చూడటానికి జనం పెద్దసంఖ్యలో రావడం వలన నెల్సన్‌కే కాక, నెల్సన్‌తో తలపడే ఇతర క్లబ్బులకు కూడా ఆదాయం పెరిగింది. మిల్లులు మూతపడి కార్మికులు ఉపాధి కోల్పోయిన ఆర్థికమాంద్యపు రోజులలో శనివారపు ఆట ఆ ప్రాంతవాసులకు గొప్ప ఊరట కలిగించింది.

కాన్‌స్టాంటైన్ విజయం ఇతర ఆటగాళ్ళకు కూడా దారి చూపింది. జార్జ్ హెడ్లీ, మ్యానీ మార్టిండేల్ వంటి వెస్ట్‌ఇండీస్ ఆటగాళ్ళు లాంకషైర్ లీగ్‌లో అవకాశాలు పొందారు. భారత ఫాస్ట్ బౌలర్ అమర్‌సింగ్ సమీప పట్టణమైన కోల్న్‌కు ఆడాడు. కాన్‌స్టాంటైన్ నిష్క్రమించిన తరువాత 1938లో నెల్సన్ క్లబ్బు నియమించుకున్న ఆటగాడు భారతీయుడైన లాలా అమర్‌నాథ్.

శిక్షకుడిగా

లీగ్ క్లబ్బుల వృత్తి ఆటగాడి బాధ్యత శనివారపు మ్యాచ్‌తో ముగిసేది కాదు. వారం మధ్యలో క్లబ్బు యువకులకు, బాలురకు ఆట నేర్పడం కూడా ఆయన విధులలో భాగమే. జట్టులో తానొక్కడే వృత్తి ఆటగాడు కాగా మిగిలినవారు మిల్లులలోను, దుకాణాలలోను పనిచేసుకొని సాయంత్రం అభ్యాసానికి వచ్చేవారు. కాబట్టి ఒక్కడి ప్రతిభతో తొమ్మిదేళ్ళపాటు అటువంటి ఫలితాలు రావడం సాధ్యం కాదు. ఆ విజయాలలో ఆయన ఇచ్చిన శిక్షణకు కూడా భాగమున్నది.

ఫీల్డింగ్ అనేది బ్యాటింగ్, బౌలింగ్‌ల మధ్య విశ్రాంతి సమయం కాదని, సాధనతో అలవరచుకోవలసిన ప్రత్యేక విద్య అని ఆయన నమ్మేవాడు. బ్యాట్స్‌మన్ కాళ్ళ కదలికను గమనించి బంతి పోయే దిశను ముందుగానే ఊహించడం ఆయన పద్ధతి. 1964లో బాలబాలికలకు, వర్ధమాన ఆటగాళ్ళకు క్రికెట్ నేర్పే ద యంగ్ క్రికెటర్స్ కంపానియన్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. 

టెస్ట్ క్రికెట్

1930 ఫిబ్రవరిలో జార్జిటౌన్‌లో ఇంగ్లాండుపై వెస్ట్‌ఇండీస్ తమ మొట్టమొదటి టెస్ట్ విజయాన్ని నమోదు చేసింది. ఆ మ్యాచ్‌లో జార్జ్ హెడ్లీ రెండు ఇన్నింగ్సులలోనూ శతకాలు సాధించగా, కాన్‌స్టాంటైన్ 35 పరుగులకు 4, 87 పరుగులకు 5 చొప్పున మొత్తం 9 వికెట్లు తీశాడు. 1930-31లో ఆస్ట్రేలియా పర్యటనలో ఇతర మ్యాచ్‌లలో ప్రేక్షకులను అలరించినా టెస్టులలో బ్యాటింగ్‌లోను, బౌలింగ్‌లోను విఫలమైనాడు. ఆ సిరీస్‌ను ఆస్ట్రేలియా 4-1 తేడాతో గెలిచింది.

నెల్సన్ ఉద్యోగం ఆయనకు జీవనాధారమే కాక ప్రతిబంధకం కూడా అయినది. 1933లో వెస్ట్‌ఇండీస్ జట్టు ఇంగ్లాండుకు వచ్చినప్పుడు ఒప్పందం కారణంగా క్లబ్బు ఆయనను ఒకే ఒక టెస్టుకు విడిచిపెట్టింది. మాంచెస్టర్‌లో జరిగిన ఆ టెస్టులో కాన్‌స్టాంటైన్, మార్టిండేల్‌లు ఇంగ్లాండు బ్యాట్స్‌మెన్‌పై బాడీలైన్ బౌలింగ్ ప్రయోగించారు. ఆ ముందు సంవత్సరపు శీతకాలంలో ఆస్ట్రేలియాలో అదే పద్ధతిని అమలుపరచిన ఇంగ్లాండు నాయకుడు డగ్లస్ జార్డిన్ దానిని ఎదుర్కొని 127 పరుగులు చేశాడు. ఇంగ్లాండు ప్రజలు అటువంటి బౌలింగ్‌ను స్వదేశంలో కళ్ళారా చూడటం దాని పట్ల అక్కడి అభిప్రాయం మారడానికి ఒక కారణమైనది.

1934-35లో ఇంగ్లాండు జట్టు వెస్ట్‌ఇండీస్‌లో పర్యటించింది. కాన్‌స్టాంటైన్ లేకుండా జరిగిన మొదటి టెస్టులో ఇంగ్లాండు గెలిచింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన రెండవ టెస్టులో ఆయన 90 పరుగులు చేశాడు. టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు ఇదే. ఆ మ్యాచ్ ముగియడానికి ఇంకా కొద్ది బంతులు మాత్రమే ఉండగా మారిస్ లేలాండ్‌ను ఎల్.బి.డబ్ల్యుగా ఔట్ చేసి జట్టును గెలిపించాడు. కింగ్‌స్టన్‌లో జరిగిన నాలుగవ టెస్టులో నాయకుడు జాకీ గ్రాంట్ గాయపడగా, కాన్‌స్టాంటైన్ జట్టును నడిపించాడు. వెస్ట్‌ఇండీస్ ఇన్నింగ్స్ 161 పరుగుల తేడాతో గెలిచి, 2-1తో తమ మొట్టమొదటి సిరీస్ విజయాన్ని సాధించింది. ఆ సిరీస్‌లో ఆయన 15 వికెట్లు తీశాడు.

1938లో రాక్‌డేల్ క్లబ్బుకు ఆడిన కాన్‌స్టాంటైన్, 1939లో వెస్ట్‌ఇండీస్ జట్టుతో ఇంగ్లాండు పర్యటనలో పాల్గొన్నాడు. వయసు పైబడటంతో వేగం తగ్గించి, బంతులలో వైవిధ్యం ప్రదర్శించి ఆ సీజన్‌లో 103 ఫస్ట్ క్లాస్ వికెట్లు పడగొట్టాడు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో 75 పరుగులకు 5 వికెట్లు తీసి, 79 పరుగులు చేశాడు. అదే ఆయన చివరి టెస్ట్. కొద్దిరోజులకే రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభమైనది. 1940లో విజ్డెన్ సంచిక ఆయనను ఆ సంవత్సరపు ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

సికింద్రాబాదులో కాన్‌స్టాంటైన్

కాన్‌స్టాంటైన్ క్రికెట్ జీవితంతో తెలుగునేలకు కూడా కొంత సంబంధం ఉంది. 1934-35 శీతకాలంలో ఆయన భారతదేశానికి వచ్చి, సికింద్రాబాదులో జరిగిన మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలో ఫ్రీబూటర్స్ జట్టు తరఫున ఆడాడు. విజ్జీగా ప్రసిద్ధుడైన విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు ఆయనను ఆహ్వానించాడు. ఇంతకు ముందు 1930-31లో ఇంగ్లాండు దిగ్గజాలైన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను భారతదేశానికి రప్పించినది కూడా ఈ విజ్జీయే.

నాయకత్వ సమస్య

ఆ కాలంలో వెస్ట్‌ఇండీస్ జట్టుకు నాయకత్వం తెల్లవారికే అప్పగించేవారు. ఆటలో అనుభవంగాని, ప్రతిభగాని దీనికి ప్రమాణం కాదు. కింగ్‌స్టన్ టెస్టులో జట్టును విజయతీరానికి చేర్చినప్పటికీ కాన్‌స్టాంటైన్‌కు నాయకత్వ పదవి ఎన్నడూ లభించలేదు. జట్టు వెనుకబాటుకు ఈ పద్ధతే ముఖ్య కారణమని ఆయన తన రచనలలో నిర్మొహమాటంగా విమర్శించాడు. 1948లో ఒక టెస్టుకు జార్జ్ హెడ్లీ నాయకత్వం వహించినా, పూర్తి సిరీస్‌కు ఒక నల్లజాతీయుడిని నాయకుడిగా నియమించడం 1960-61 ఆస్ట్రేలియా పర్యటనకు ఫ్రాంక్ వారెల్ ఎంపికతోనే జరిగింది.

అయితే కాన్‌స్టాంటైన్‌కు ఇంగ్లాండులో ఒక అరుదైన గౌరవం దక్కింది. 1945 ఆగస్టులో లార్డ్స్‌లో ఇంగ్లాండుపై ఆడిన డొమినియన్స్ జట్టుకు, తోటి ఆటగాళ్ళు ఆయననే నాయకుడిగా ఎన్నుకున్నారు. ఆ జట్టులో మిగిలినవారందరూ తెల్లవారే. ఆస్ట్రేలియా ఆటగాడు కీత్ మిల్లర్ 185 పరుగులు చేసిన ఆ మ్యాచ్‌లో డొమినియన్స్ 45 పరుగులతో గెలిచింది.

యుద్ధకాలం, హోటల్ వ్యాజ్యం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ కార్మిక మంత్రిత్వశాఖ కాన్‌స్టాంటైన్‌ను సంక్షేమాధికారిగా నియమించింది. లివర్‌పూల్ పరిసరాలలోని కర్మాగారాలలో పనిచేయడానికి వెస్ట్‌ఇండీస్ నుంచి వచ్చిన సాంకేతిక కార్మికుల వసతి, ఉద్యోగ సమస్యలు చూడటం ఆయన పని. తాను నెల్సన్‌లో అనుభవించినవే వారికీ ఎదురైనాయి. యజమానులతోను, కార్మిక సంఘాలతోను ఓర్పుగా మాట్లాడి అనేక వివాదాలను పరిష్కరించాడు. ఈ సేవలకు గుర్తింపుగా ఎం.బి.ఇ. పురస్కారం లభించింది.

1943లో లార్డ్స్‌లో ఒక మ్యాచ్ ఆడవలసి ఉండగా, భార్య, కుమార్తెలతో సహా బస చేయడానికి లండన్‌లోని రస్సెల్ స్క్వేర్‌లో ఉన్న ఇంపీరియల్ హోటల్‌లో నాలుగు రాత్రులకు ముందుగానే గదులు తీసుకున్నాడు. తీరా అక్కడికి చేరిన తరువాత ఒక్క రాత్రికి మించి ఉండరాదని హోటల్ వారు తెలిపారు. అక్కడ బస చేసిన అమెరికా సైనికులు నల్లజాతీయుల పట్ల అభ్యంతరం చెప్పవచ్చుననేది వారు చూపిన కారణం. కాన్‌స్టాంటైన్ కుటుంబంతో వేరొక హోటల్‌కు మారాడు. కాని విషయాన్ని అంతటితో విడిచిపెట్టలేదు.

అప్పట్లో బ్రిటన్‌లో జాతివివక్షను నిషేధించే చట్టమేదీ లేదు. అందువలన, సత్రం నడిపేవాడు సరైన కారణం లేకుండా బాటసారికి బస నిరాకరించరాదనే పాత న్యాయసూత్రాన్ని ఆధారం చేసుకొని ఆయన హైకోర్టులో దావా వేశాడు. 1944 జూన్‌లో న్యాయమూర్తి బిర్కెట్ కాన్‌స్టాంటైన్‌కు అనుకూలంగా తీర్పు చెప్పాడు. నష్టపరిహారం ఐదు గినీలు మాత్రమే. సొమ్ము స్వల్పమైనా, రంగు కారణంగా బస నిరాకరించడం చట్టసమ్మతం కాదని ఒక ఉన్నత న్యాయస్థానం ప్రకటించడం పెద్ద విషయం. జాతివివక్షకు వ్యతిరేకంగా బ్రిటన్‌లో జరిగిన న్యాయపోరాటాలలో ఈ వ్యాజ్యాన్ని ఒక మైలురాయిగా పరిగణిస్తారు.

రచయిత, న్యాయవాది

ట్రినిడాడ్‌లో పరిచయస్థుడైన రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ 1932లో ఇంగ్లాండుకు వచ్చి కొంతకాలం నెల్సన్‌లో కాన్‌స్టాంటైన్ ఇంటిలోనే ఉన్నాడు. జేమ్స్ తోడ్పాటుతో కాన్‌స్టాంటైన్ తన మొదటి గ్రంథం క్రికెట్ అండ్ ఐ 1933లో వెలువరించాడు. జేమ్స్ వ్రాసిన పుస్తకం అచ్చు కావడానికి కాన్‌స్టాంటైన్ ఆర్థిక సహాయం చేశాడు. వెస్ట్‌ఇండీస్ స్వపరిపాలన గురించి వీరిద్దరి మధ్య జరిగిన చర్చలు ఇరువురి భావాలపై ప్రభావం చూపాయి. ఆ తరువాత కాన్‌స్టాంటైన్ క్రికెట్ ఇన్ ద సన్, క్రికెటర్స్ కార్నివాల్ మొదలైన క్రికెట్ గ్రంథాలు రచించాడు. 1954లో ప్రచురించిన కలర్ బార్ అనే గ్రంథంలో బ్రిటన్‌లోను, ఇతర దేశాలలోను కొనసాగుతున్న వర్ణవివక్షను తీవ్రంగా విమర్శించాడు.

యౌవనంలో గుమాస్తాగా ఉన్నప్పుడు కలిగిన కోరికను ఆయన మరువలేదు. ఆట, ఉద్యోగం, రేడియో ప్రసంగాల మధ్య న్యాయశాస్త్రం చదివి, 1954లో మిడిల్ టెంపుల్ నుంచి బారిస్టరు అర్హత పొందాడు. అప్పటికి ఆయన వయస్సు 50 సంవత్సరాలు దాటింది.

రాజకీయ జీవితం

1954లో కాన్‌స్టాంటైన్ ట్రినిడాడ్‌కు తిరిగి వెళ్ళి, ఒక చమురు సంస్థలో సహాయ న్యాయ సలహాదారుగా చేరాడు. ఎరిక్ విలియమ్స్ స్థాపించిన పీపుల్స్ నేషనల్ మూవ్‌మెంట్ పార్టీకి అధ్యక్షుడైనాడు. 1956 ఎన్నికలలో తునపునా నియోజకవర్గం నుంచి శాసనమండలికి ఎన్నికై, సమాచార, ప్రజాపనుల శాఖ మంత్రిగా రోడ్లు, రవాణా వంటి అంశాలను పర్యవేక్షించాడు. 1961లో లండన్‌లో ట్రినిడాడ్ ప్రతినిధిగా నియమితుడైనాడు. 1962 ఆగస్టు 31న దేశం స్వాతంత్ర్యం పొందిన పిమ్మట ట్రినిడాడ్ మరియు టొబాగోకు తొలి హైకమిషనర్ అయినాడు. అదే సంవత్సరం సర్ బిరుదు లభించింది.

1963లో ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగర బస్సు కంపెనీ నల్లజాతీయులను, ఆసియావాసులను బస్సు సిబ్బందిగా తీసుకోవడానికి నిరాకరించింది. దీనికి నిరసనగా అక్కడి వెస్ట్‌ఇండీస్ వాసులు, పాల్ స్టీఫెన్‌సన్ తదితరుల నాయకత్వంలో ఏప్రిల్ 30న బస్సుల బహిష్కరణ ప్రారంభించారు. కాన్‌స్టాంటైన్ కంపెనీ విధానాన్ని బహిరంగంగా ఖండించి, సంబంధిత అధికారులతో చర్చలు జరిపాడు. ఆగస్టు 28న కంపెనీ ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఈ పోరాటం 1965లో బ్రిటన్ తొలి జాతి సంబంధాల చట్టం రావడానికి తోడ్పడింది. అయితే ఒక దౌత్యాధికారి ఆతిథ్య దేశపు అంతర్గత వ్యవహారంలో తమను సంప్రదించకుండా కల్పించుకోవడం విలియమ్స్ ప్రభుత్వానికి రుచించలేదు. 1964లో కాన్‌స్టాంటైన్ హైకమిషనర్ పదవి నుంచి వైదొలగాడు.

చివరి సంవత్సరాలు

పదవి పోయిన తరువాత ఆయన లండన్‌లోనే ఉండిపోయాడు. 1966లో జాతి సంబంధాల బోర్డులో సభ్యుడైనాడు. 1967లో స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆయనను రెక్టరుగా ఎన్నుకున్నారు. 1968లో బి.బి.సి. గవర్నర్ల మండలిలో సభ్యత్వం లభించింది. ఆయనది మితవాద ధోరణి అనీ, ఉన్నత వర్గాలతో అతిగా సర్దుకుపోతున్నాడనీ ఆ కాలపు యువ ఉద్యమకారులు కొందరు విమర్శించారు. చర్చల ద్వారా, చట్టం ద్వారా సాధించినదే స్థిరంగా నిలుస్తుందనే అభిప్రాయాన్ని ఆయన చివరివరకు విడువలేదు.

1969లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు పార్లమెంటు ఎగువ సభలో జీవితకాల సభ్యత్వమిచ్చింది. బిరుదులో చేర్చుకోవడానికి ఆయన రెండు ఊళ్ళ పేర్లను ఎంచుకున్నాడు. ఒకటి తన బాల్యం గడిచిన ట్రినిడాడ్‌లోని మరవాల్, రెండవది తనను ఆదరించిన నెల్సన్. అనారోగ్యం కారణంగా సభకు ఎక్కువగా హాజరు కాలేకపోయాడు.

1971 జూలై 1న లండన్‌లో గుండెపోటుతో మరణించాడు. భౌతికకాయాన్ని ట్రినిడాడ్‌కు తరలించి, ప్రభుత్వ లాంఛనాలతో అరూకాలో ఖననం చేశారు. ఆ దేశపు అప్పటి అత్యున్నత పురస్కారమైన ట్రినిటీ క్రాస్‌ను మరణానంతరం ప్రకటించారు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో కూడా సంస్మరణ సభ జరిగింది. రెండు నెలలకు భార్య నార్మా మరణించింది.

గణాంకాలు

టెస్ట్ క్రికెట్: 18 మ్యాచ్‌లు, 19.24 సగటుతో 635 పరుగులు, 30.10 సగటుతో 58 వికెట్లు, 28 క్యాచ్‌లు. అత్యధిక స్కోరు 90. ఉత్తమ బౌలింగ్ 75 పరుగులకు 5 వికెట్లు.

ఫస్ట్ క్లాస్ క్రికెట్: 119 మ్యాచ్‌లు, 24.05 సగటుతో 4,475 పరుగులు, 5 శతకాలు, 20.48 సగటుతో 439 వికెట్లు, 133 క్యాచ్‌లు.

ఈ అంకెలను చూసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఆయన ఆడిన రోజులలో వెస్ట్‌ఇండీస్‌కు టెస్ట్ మ్యాచ్‌లే తక్కువ. రెండవది, ఆయన ఉత్తమ దశలోని వేసవులు లీగ్ క్రికెట్‌లోనే గడిచిపోయాయి. లీగ్ మ్యాచ్‌ల పరుగులు, వికెట్లు ఫస్ట్ క్లాస్ లెక్కలలోకి రావు.

గుర్తింపులు

1963లో నెల్సన్ పురపాలక సంఘం కాన్‌స్టాంటైన్‌ను గౌరవ పౌరుడిగా ప్రకటించింది. నెల్సన్‌లో ఆయన నివసించిన ఇంటి వద్ద స్మారక ఫలకం ఏర్పాటు చేయబడింది. 2021లో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆయనను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. భారత ఆల్‌రౌండర్ వినూ మన్కడ్‌కు కూడా ఆ సందర్భంలోనే ఈ గౌరవం దక్కింది. కుమార్తె గ్లోరియా ట్రినిడాడ్‌లో ఉపాధ్యాయినిగా పనిచేసి, సెనేట్ సభ్యురాలిగా కూడా సేవలందించింది.